ఏనాటి మన్నా ఆనాటికే

తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఉదయంపూట జరిగే చిన్న ఆచారం ఒకటి ఉన్నది. పొయ్యి మీద పాలు కాగేలోపునో, పిల్లలు బడికి తయారయ్యేలోపునో, ఇంటి పెద్ద ఒక పుస్తకం తెరిచి ఆనాటి తేదీ వేసి ఉన్న పుటను పైకి చదువుతారు. పుట పైభాగాన బైబిలు వాక్యం ఒకటి, దాని క్రింద రెండు మూడు పేరాల వివరణ, అడుగున చిన్న ప్రార్థన. మొత్తం ఐదు నిమిషాల పని. పుస్తకం లేనివారికి గోడ మీద క్యాలెండరు ఉన్నది. ఇప్పుడు క్యాలెండరు కూడా అక్కరలేకుండా, తెల్లవారేసరికి పూలబొమ్మ మీద రాసిన వాక్యం చేతిఫోనులోకి వచ్చి కూర్చుంటున్నది. దీనినే అనుదిన ధ్యానం అంటారు.

ఈ ఆచారం పట్ల నాకు గౌరవం ఉన్నది, ఫిర్యాదూ ఉన్నది. రెండింటినీ ఒకచోట చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. క్రైస్తవులు కాని మిత్రులకు ఇది పరాయి సంగతిగా తోచవచ్చు. కానీ ఒక మహాగ్రంథాన్ని చిన్న చిన్న పాళ్ళుగా పంచుకొని నిత్యజీవితంలోకి తెచ్చుకోవడం ఏ మతానికీ, ఏ సాహిత్యానికీ కొత్త కాదు. సుందరకాండ పారాయణం చేసేవారికీ, పోతన పద్యాలు నోటికి వచ్చినవారికీ నేను చెప్పబోయేది సులభంగానే అందుతుందని నా నమ్మకం.

నిర్గమకాండము పదహారవ అధ్యాయంలో మన్నా కథ ఉన్నది. ఐగుప్తు దాస్యం నుండి బయటపడిన ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఆకలికి తాళలేక సణుగుతారు. మరునాటి ఉదయం మంచు ఇగిరిపోయాక నేలమీద సన్నని పదార్థమేదో పరచుకొని కనిపిస్తుంది. ఇదేమిటని ఒకరినొకరు అడుగుతారు. ఆ ప్రశ్ననుంచే ఆ ఆహారానికి మన్నా అనే పేరు వచ్చినట్లు కథ సూచిస్తుంది. మనిషికి ఒక ఓమెరు చొప్పున కొలత. ఎక్కువ కూర్చుకొన్నవాడికి మిగలలేదు, తక్కువ కూర్చుకొన్నవాడికి చాలకపోలేదు. రేపటికి పనికివస్తుందని దాచుకొన్నవారి మన్నా పురుగుపట్టి కంపుకొట్టింది. విశ్రాంతిదినానికి ముందురోజు మాత్రమే రెండింతలు కూర్చుకోవచ్చు.

అనుదిన ధ్యానాన్ని మన్నాతో పోల్చడం పాత అలవాటే. ఏనాటి పాలు ఆనాటికే అన్న నియమం ఒక్కటే ఆ పోలికలో సాధారణంగా నిలుస్తుంది. తక్కిన రెండు అంశాలను మనం మరచిపోతాం. మొదటిది, మన్నా ఒక ప్రశ్నగా వచ్చింది. రెండవది, అది నడిచేవారి తిండి. దానిని తిని ఆ జనం ప్రయాణం చేయవలసి ఉన్నది, కూర్చున్నచోట కూర్చోవడానికి దానిని ఇవ్వలేదు. ఈనాటి అనుదిన ధ్యాన సాహిత్యంలో అధికభాగం ఈ రెండింటినీ వదిలేసిందన్నదే నా ఫిర్యాదు. ప్రశ్న పోయి హామీ మిగిలింది, ప్రయాణం పోయి పరామర్శ మిగిలింది.

ఇది మొదటినుండీ ఇలాగే ఉన్నదా అంటే, లేదు. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో హెర్న్‌హూట్ అనే ఊరు ఉన్నది. మొరేవియా నుండి మతహింసకు తాళలేక పారిపోయి వచ్చినవారు 1722లో ఒక జమీందారు భూమిలో కట్టుకొన్న పల్లె అది. ఆ జమీందారు జిన్‌జెన్‌డోర్ఫ్ ప్రభువు. 1728 మే నెలలో ఒక సాయంకాల ప్రార్థన తరువాత ఆయన మరునాటికి ఒక మాటను ఊరివారందరికీ ఇచ్చాడు. అటుపైన రోజుకొక వాక్యాన్ని ఇంటింటికీ తిరిగి అందించడం ఆ పల్లెలో ఆనవాయితీ అయింది. ఆ వాక్యాలు 1731లో పుస్తకంగా అచ్చయ్యాయి. నాటినుండి నేటివరకు ఆ పుస్తకం ఏటేటా వెలువడుతూనే ఉన్నది, పదులకొద్దీ భాషలలోకి వెళ్ళింది. పాతనిబంధన వాక్యాలను ఇప్పటికీ హెర్న్‌హూట్‌లో చీటీ తీసి నిర్ణయిస్తారు. వాటికి పొందికగా కుదిరే కొత్తనిబంధన వాక్యాన్ని ఆ తరువాత ఎంచి జతచేస్తారు.

ఇందులో గమనించవలసినది, ఆ వాక్యం ఊరంతటికీ ఒక్కటే. అది ఎవరి సొంత అదృష్టాన్నీ చెప్పే చీటీ కాదు. పొద్దున్నే సాటివాడి ఇంటి తలుపు తట్టి వాక్యం చెప్పడమంటే, ఆ ఇంటిలో ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరికి గింజలు నిండుకొన్నాయో కూడా కంటపడుతుంది. వాక్యమూ, ఇరుగుపొరుగూ ఒకే గుమ్మంలో ఎదురయ్యేవి. ఆ ఊరికి కాపలావాడి పిలుపువంటిది ఆ మాట.

ఈ జర్మను భక్తి ఉద్యమంతో తెలుగువారికి ఒక పాత చుట్టరికం ఉన్నది. ఆ ఉద్యమానికి పెద్ద కేంద్రం హాలే నగరం. అక్కడినుండి వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1719లో తరంగంబాడి చేరి, తరువాత మద్రాసులో ఉంటూ తెలుగు నేర్చుకొని బైబిలును తెలుగు చేయడానికి పూనుకొన్నాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళిన పిమ్మట 1746, 1747 సంవత్సరాలలో హాలేలోనే తెలుగు లిపిలో చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. ప్రశ్నోత్తర రూపంలోని మతబోధ పుస్తకం వాటిలో ఒకటి. మన అక్షరాలు అచ్చుమొహం చూసిన తొలి సందర్భాలలో ఇది ఒకటని అచ్చు చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి తెలిసిన సంగతే. అంటే, ప్రశ్న అడిగి జవాబు రాబట్టే భక్తి గ్రంథం మనకు అచ్చు పుట్టుకతోనే వచ్చింది. ఆ ప్రశ్న ఎక్కడ జారిపోయిందో మనమే వెదుక్కోవాలి.

మరొక ఉదాహరణ స్కాట్లండు దేశపు డండీ నగరంలోని రాబర్ట్ మర్రే మచేన్. ఆయన 1842 చివరలో తన సంఘం కోసం ఒక పఠన పట్టిక తయారుచేశాడు. దాని ప్రకారం చదివితే ఏడాదిలో పాతనిబంధన ఒకసారి, కొత్తనిబంధనా కీర్తనల గ్రంథమూ రెండేసిసార్లు పూర్తి అవుతాయి. ఆ పట్టికతోపాటు దానివల్ల కలిగే అపాయాలను కూడా ఆయనే రాసి ఇచ్చాడు. చదువు మొక్కుబడి అయిపోవచ్చునని, చదివేశామన్న అహం తలకెక్కవచ్చునని, అజాగ్రత్తగా చదవడం అలవాటు కావచ్చునని, కొందరికి అది మోయలేని కాడి కావచ్చునని హెచ్చరించాడు. మందుతోపాటు దాని దుష్ఫలితాలను కూడా చీటీ మీద రాసిచ్చిన వైద్యుడివంటి నిజాయితీ అది. మరుసటి ఏడు తన 29వ ఏట ఆయన చనిపోయాడు. ఆ పట్టిక నేటికీ వాడుకలో ఉన్నది. హెచ్చరికలను మాత్రం పట్టికతోపాటు అచ్చువేసేవారు తక్కువ.

ఇక మన సంగతి. డిసెంబరు 31వ తేదీ రాత్రి మన సంఘాలలో జరిగే ఆరాధనలో కొత్త సంవత్సరం ప్రవేశించగానే వాగ్దానపు కార్డులు పంచడం చాలాచోట్ల చూస్తాం. పళ్ళెంలో బోర్లించిన కార్డులలోనుండి ఒక్కొక్కరు ఒకటి తీసుకొంటారు. ఏడాది పొడుగునా అది వారి వాక్యం. దానిని బైబిలులో దాచుకొంటారు, అద్దానికి అంటిస్తారు, కొత్త కారు కొంటే దానిలో పెడతారు. ఆ పళ్ళెంలో ఉండే వాక్యాలు ఏవి? ఆశీర్వాదం, వృద్ధి, రక్షణ, విజయం. ఆమోసు ప్రవక్త ధనికులను ఉతికి ఆరేసిన మాట ఆ పళ్ళెంలో కనిపించదు. కూలివాని జీతం బిగబట్టినవారిని గద్దించే యాకోబు పత్రికలోని మాట అక్కడికి రాదు. ఎనభై ఎనిమిదవ కీర్తన అసలే రాదు. అది మొరతో మొదలై చీకటితో ముగిసే కీర్తన. చివరకు ఒక్క ఓదార్పు మాట కూడా లేకుండా ఆగిపోతుంది. అది కూడా లేఖనమే. దానిని ఏరి పక్కన పెట్టడానికి మనకు అధికారం ఎవరిచ్చారు?

ఏరడం ఎలా జరుగుతుందో ఒక వాక్యాన్ని తీసుకొని చూద్దాం. యిర్మీయా గ్రంథం ఇరవై తొమ్మిదవ అధ్యాయం పదకొండవ వచనం గోడ క్యాలెండర్లకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. మీ విషయంలో నా తలంపులు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని దేవుడు చెబుతున్న మాట అది. పరీక్షల ముందు విద్యార్థికి, వీసా కోసం ఎదురుచూసే యువకుడికి, పెళ్ళి కుదరని పిల్లకు ఇదే వాక్యాన్ని పంపిస్తారు. కానీ దాని పైవచనం ఏం చెబుతున్నది? డెబ్బది సంవత్సరాలు గడిచిన తరువాత అని చెబుతున్నది. అది బబులోనుకు చెరపట్టబడి వెళ్ళినవారికి యెరూషలేము నుండి ప్రవక్త రాసిన ఉత్తరం. ఇల్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించండి అని ఆ ఉత్తరం సారాంశం. అంటే, మీలో చాలామంది తిరిగిరారు, ఉన్నచోటనే మనుషులుగా బ్రతకండి అని.

దానికి ముందున్న ఇరవై ఎనిమిదవ అధ్యాయం ఇంకా ఆసక్తికరమైనది. అక్కడ హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. అతడు చెప్పిన వాగ్దానం ఎంతో తియ్యనిది. రెండేళ్ళలో చెర ముగిసిపోతుంది, పోయిన పాత్రలన్నీ ఆలయానికి తిరిగివస్తాయి అన్నాడు. జనానికి కావలసిన మాట అదే. ఆ మాట అబద్ధమనీ, డెబ్బది ఏళ్ళన్న చేదుమాటే నిజమనీ గ్రంథం తేల్చింది. ఇప్పుడు చూడండి, యిర్మీయా ఉత్తరంలోనుండి ఒక్క వచనాన్ని కత్తిరించి, డెబ్బది సంవత్సరాలను తీసివేసి, దానిని ఈ ఏటి వాగ్దానంగా పంచినప్పుడు మనం యిర్మీయాను హనన్యాగా మార్చివేస్తున్నాం. మాటలు యిర్మీయావే, సందేశం మాత్రం హనన్యాది.

ఇది పండితుల తగాదా కాదు. దీనివల్ల మనుషులు గాయపడుతున్నారు. మా పిన్ని ఒకామె ఇలాగే ఒక ఏడు తొంభై ఒకటవ కీర్తన పదవ వచనం ఉన్న కార్డు తీసుకొన్నది. ఏ అపాయమూ నీ గుడారాన్ని సమీపించదన్న భావం గల వచనం అది. ఆ ఏడు వరినాట్ల కాలంలో మా బాబాయి పొలంగట్టు మీదనే కుప్పకూలి పోయాడు. భూస్థాపన జరిగిన వారానికి పరామర్శకు వచ్చిన బోధకుడొకరు, ఇంటిలో దాచిపెట్టిన పాపమేదైనా ఉన్నదేమో చూసుకోమని ఆమెకు సలహా ఇచ్చి వెళ్ళాడు. వాగ్దానం తప్పదు గనుక తప్పు విశ్వాసిలోనే ఉండి తీరాలన్నది ఆయన లెక్క. తరువాత నేను వెళ్ళినప్పుడు పిన్ని ఆ కార్డు నా చేతిలో పెట్టి, "దేవుడు అబద్ధమాడడు గదా నాయనా, మరి ఈ కార్డు ఎవరిది?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు సువార్తలలోనే జవాబు ఉన్నదని నాకు అనిపిస్తుంది. అరణ్యంలో యేసును శోధించిన అపవాది, ఆయనను దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, క్రిందికి దుముకు, దూతలు నిన్ను చేతులమీద ఎత్తుకొంటారు అని లేఖనాన్ని చూపించాడు. అతడు చూపించినది తొంభై ఒకటవ కీర్తనలోని పదకొండు, పన్నెండు వచనాలనే. అంటే పిన్ని కార్డులోని వచనానికి వెనువెంటనే ఉన్నవాటిని. ఒక కీర్తనలోనుండి నచ్చిన వచనాన్ని పెకలించి హామీపత్రంగా చూపించడం ఎంత పాత విద్యో, దానిని మొదట ఎవరు ప్రయోగించారో మత్తయి, లూకా ఇద్దరూ రాసిపెట్టారు. యేసు ఆ కీర్తన అబద్ధమనలేదు. ద్వితీయోపదేశకాండములోని మరొక మాటను దాని పక్కన నిలిపాడు. వాక్యానికి తోడుగా వాక్యాన్ని నిలపడమే ఆయన ఇచ్చిన జవాబు. ఒంటరి వాక్యం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

పిన్ని తిరిగి కోలుకొన్నది కూడా అనుదిన పఠనం వల్లనే అన్న సంగతి చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాడినవుతాను. ఆ ఊరి సంఘపెద్దలలో పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడొకాయన ఉండేవారు. ఆయన భార్యతో కలిసి సాయంత్రంపూట వచ్చి రోజుకొక అధ్యాయం చొప్పున యోబు గ్రంథం చదివి వినిపించేవారు. వివరణ ఇచ్చేవారు కారు. చదివి, కాసేపు కూర్చొని, వెళ్ళిపోయేవారు. యోబు గ్రంథంలో 42 అధ్యాయాలు. నెలా పన్నెండు రోజులు. ఓదార్చడానికి వచ్చిన స్నేహితులే నీలో ఏదో పాపం ఉన్నదని యోబును వేధించడం, చివరకు దేవుడు ఆ స్నేహితుల మీదనే కోపించడం విన్న రోజున పిన్ని చాలాకాలం తరువాత కడుపునిండా అన్నం తిన్నదని మా చెల్లెలు చెప్పింది. ఆచారం అదే, రోజుకొక పాలే. కానీ అది ఒక సంపూర్ణమైన గ్రంథంలోని పాలు, వరుస తప్పని పాలు, పక్కన మనుషులు కూర్చొని తినిపించిన పాలు.

ఇక్కడ నాకు ఎదురుగా ఒక వాదం వినిపిస్తుంది. రాత్రి విధులు ముగించుకొని వచ్చే నర్సుకు, తెల్లవారక ముందే మిరప కోతకు పోయే కూలితల్లికి, అధ్యాయాలు చదివే తీరిక ఎక్కడిది? చదువు రానివారి మాటేమిటి? ఒక్క వాక్యమైనా వారికి బలమిస్తే నీకు వచ్చిన నష్టమేమిటి? ఈ వాదాన్ని నేను తేలికగా తీసుకోలేను. ఒక్క వాక్యంతో బ్రతుకంతా ఈడ్చుకొచ్చిన స్త్రీలను నేను చూశాను. పాలు చిన్నదిగా ఉండడం మీద నాకు అభ్యంతరం లేదు. దానిని తినే పద్ధతి గురించే నా మాట.

మొదటి కీర్తనలో ధర్మశాస్త్రాన్ని రాత్రింబవళ్ళు ధ్యానించేవాడు ధన్యుడని చెప్పేచోట వాడిన హీబ్రూ క్రియ హగా. మన అనువాదంలో దానికి ధ్యానం అన్న మాట వచ్చింది. ధ్యానమనగానే మనకు కళ్ళు మూసుకొని మౌనంగా కూర్చున్న మనిషి కనిపిస్తాడు. కానీ హగా అన్నది నోటితో చేసే పని. గొణగడం, సణగడం, తనలో తాను పైకి చెప్పుకోవడం. యెషయా గ్రంథం ముప్పై ఒకటవ అధ్యాయంలో సింహం తన వేట మీద నిలబడి గుర్రుమనడానికి ఇదే క్రియను వాడారు. మన పల్లెబడులలో ఎక్కాలు, పద్యాలు వల్లెవేయడం దీనికి దగ్గర. ఇంకా దగ్గరిది నెమరువేయడం. పశువు మేసినదానిని తిరిగి నోటికి తెచ్చుకొని నమలడానికీ, మనిషి జ్ఞాపకాన్ని తిరిగి తలచుకోవడానికీ తెలుగులో ఒకే మాట ఉండడం ఎంత అదృష్టమో చూడండి. పన్నెండవ శతాబ్దపు సన్యాసి రెండవ గ్వీగో, చదవడం ఆహారాన్ని నోటిలో పెట్టుకోవడమని, ధ్యానించడం దానిని నమలడమని, ప్రార్థన దాని రసాన్ని రాబట్టడమని, ఆపైన కలిగే మాధుర్యమే దర్శనమని భావం వచ్చేటట్లు రాశాడు. చదువు రాని కూలితల్లి ఒక్క వాక్యాన్ని కోతకోసేంతసేపూ నెమరువేయగలదు. సంఘంలో విన్న కథంతా ఆ వాక్యం వెనుక ఆమె మనస్సులో ఉంటుంది. చేతిఫోనులో వచ్చిన వాక్యాన్ని మరో పదిమందికి పంపించి మరచిపోయేవాడికి ఆ భాగ్యం లేదు. తిన్నదానికీ, చేతులు మార్చినదానికీ తేడా ఉన్నది.

పోతన పద్యం సంగతీ ఇంతే. గజేంద్రుడి మొరలోని ఒక్క పద్యమే నోటికి వచ్చినా, మడుగూ మొసలీ సుదీర్ఘమైన ఆ పోరాటమూ మనకు తెలుసు. గజేంద్రుడు మడుగులోకి దిగగానే పైకి రాలేదనీ తెలుసు. అందుకే ఆ పద్యం పద్యంగా నిలిచింది. కథ తెగిపోయిన పద్యం మెడలో తాయెత్తు అవుతుంది. తాయెత్తు కట్టుకొన్నవాడు దానిలో ఏమి రాసి ఉన్నదో చదవనక్కరలేదు.

ఒక్క వాక్యం మనిషిని ఎంతదూరం నడిపించగలదో చెప్పడానికి డీట్రిక్ బోన్‌హోఫర్ కంటే మంచి సాక్షి నాకు తెలియదు. ఈ జర్మను వేదాంతి హెర్న్‌హూట్ వాక్యాలను ఇష్టంగా చదివేవాడు. అయినా 1939లో అచ్చయిన తన పుస్తకంలో, విశ్వాసుల సహజీవనాన్ని గురించి చెబుతూ, ఆనాటి వాక్యం ఎంత విలువైనదైనా అది సంపూర్ణ లేఖనపఠనానికి బదులు కాజాలదని స్పష్టంగా రాశాడు. అదే ఏడు జూన్ నెలలో, హిట్లరు పాలన నుండి తప్పించుకొనే అవకాశం కలిగి, ఆయన న్యూయార్కు చేరాడు. మిత్రులు అక్కడ పని చూపించారు. ఆయనకు మాత్రం మనశ్శాంతి లేదు. జూన్ 26న యథాలాపంగా తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి భాగంలోని ఒక మాట కంటబడింది. చలికాలం రాకముందే వచ్చేయడానికి ప్రయత్నించమని చెరలో ఉన్న పౌలు తన శిష్యుడిని అడిగిన మాట అది. రోజంతా ఆ మాట తనను వెంబడించిందని దినచర్యలో రాసుకొన్నాడు. దానిని తనతో చెప్పినట్లుగా తీసుకోవడం లేఖనాన్ని దుర్వినియోగం చేయడం కాదని కూడా రాసుకొన్నాడు. జూలైలో ఓడ ఎక్కి జర్మనీకి తిరిగివెళ్ళాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో ఆయనను ఉరితీశారు.

ఈ సంఘటనను పైపైన చూస్తే ఆయన కూడా ఒక వచనాన్ని విడదీసి తనకు అన్వయించుకొన్నాడు గదా అనిపిస్తుంది. నిజమే. కానీ ఆ వచనం ఎలాంటిదో చూడండి. అందులో ఏ వాగ్దానమూ లేదు. ఒక ముసలి ఖైదీ తన అంగీనీ పుస్తకాలనూ తెచ్చిపెట్టమని, చలికి ముందే రమ్మని అడుగుతున్నాడు, అంతే. ఏ పళ్ళెంలోనూ ఎవరూ పెట్టని వాక్యం అది. ఆ వాక్యం ఆయనను క్షేమం నుండి ప్రమాదం వైపు, ఒంటరితనం నుండి సాటి మనుషుల వైపు పంపించింది. ఆ పత్రికలోని పౌలూ తిమోతిని అలాగే పిలిచాడు గనుక, అన్వయం మూలానికి ద్రోహం చేయలేదు. వాక్యాన్ని సొంతం చేసుకోవడం తప్పు కాదు. వాక్యానికి మనం సొంతం కావాలి, మన కోరికకు వాక్యాన్ని కూలిగా పెట్టుకోకూడదు. నా దృష్టిలో అసలు గీటురాయి అదే.

మరొక చిన్న మాట, భాషను గురించి. మన ఇళ్ళలో చదివే అనుదిన ధ్యానాలలో మేలైనవి చాలావరకు అనువాదాలే. ఓస్వాల్డ్ ఛాంబర్స్ ప్రసంగాలను ఆయన భార్య సంక్షిప్తలిపిలో రాసిపెట్టి, ఆయన 1917లో ఈజిప్టులో చనిపోయిన పదేళ్ళకు రోజుకొక పుటగా కూర్చి 1927లో వెలువరించింది. కౌమన్ అనే అమెరికను మిషనరీ స్త్రీ, జబ్బుపడ్డ భర్తకు సేవచేసిన ఏళ్ళలో తనకు ఊతమిచ్చిన రచనలను ఏరి, ఆయన పోయిన మరుసటి ఏడు 1925లో పుస్తకంగా తెచ్చింది. తెలుగులో అది ఎడారిలో సెలయేర్లు అన్న పేరుతో ఎన్నో ఇళ్ళకు చేరింది. ఈ రెండు పుస్తకాలూ వితంతువులు కూర్చినవి. దుఃఖం తెలిసిన చేతులు వాటిని తయారుచేశాయి. అందుకే అవి నిలిచాయి. వాటిని చూసి రాసిన అనుకరణలలో ఆ దుఃఖం లేదు, తియ్యదనం మాత్రమే ఉన్నది. పైగా ఆ తియ్యదనమూ సగం అనువాదపు తెలుగులో ఉంటుంది. మంచుతుపానులూ ఓక్ చెట్లూ మన పాఠకుడి ఉదయంలోకి వచ్చి ఇబ్బందిగా నిలబడతాయి.

పందొమ్మిదవ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి తెలుగు రాగతాళాలలో, తెలుగు నుడికారంలో క్రైస్తవ కీర్తనలు రాసి, సంఘం పాట పరాయిది కానక్కరలేదని నిరూపించారు. కీర్తనలో సాధ్యమైనది వచనంలో ఎందుకు సాధ్యం కాకూడదు? ఆమోసును చదివి మన ఊరి వడ్డీవ్యాపారాన్ని గురించి ఒక పుట, రూతును చదివి వలసకూలీలను గురించి ఒక పుట, యిర్మీయా ఉత్తరాన్ని చదివి డల్లాసులోనో దుబాయిలోనో ఉన్న మన పిల్లలు ఆ ఊరి క్షేమాన్ని ఎలా కోరాలో చెప్పే పుట ఒకటి, ఎవరైనా తెలుగులో రాస్తే చదవాలని నాకు ఆశ.

రాసేవారినీ చదివేవారినీ నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. రోజుకొక వాక్యం అచ్చువేసేవారు దాని అడుగున అధ్యాయం సంఖ్యతోపాటు ఒక్క పంక్తిలో ఆ మాట ఎవరు ఎవరితో ఏ పరిస్థితిలో అన్నారో రాయాలి. ఏడాదిలో కొన్ని రోజులైనా ఎనభై ఎనిమిదవ కీర్తనకూ, విలాపవాక్యములకూ కేటాయించాలి. ప్రతి ఉదయమూ దేవుని వాత్సల్యం కొత్తదే అన్న ప్రసిద్ధమైన మాట ఉన్నది ఆ విలాపవాక్యముల మధ్యలోనే, కాలి కూలిపోయిన యెరూషలేము బూడిద నడుమనే. బూడిదను ఊడ్చివేస్తే ఆ మాటకు బలం ఉండదు. వాగ్దానపు కార్డులు పంచే సంఘాలు ఆ పళ్ళెంలో కొన్ని ఆజ్ఞలను కూడా కలపాలి. నీ పొలపు అంచులను కోయక పేదవారికి విడిచిపెట్టు అనే లేవీయకాండపు ఆజ్ఞ ఎవరి చేతికి వస్తే వారు ఏడాదంతా దానిని నెమరువేయాలి. సాటివాడికి బట్టాతిండీ లేనప్పుడు ఏమీ ఇవ్వకుండా సమాధానంగా వెళ్ళు అని చెప్పి పంపడం వల్ల ప్రయోజనమేమిటని యాకోబు అడిగిన ప్రశ్న, వాక్యాలు పంపించడమే పరామర్శ అనుకొనే మన కాలానికి అతికినట్లు సరిపోతుంది.

ఇవన్నీ చేస్తే అమ్మకాలు తగ్గుతాయనవచ్చు. ఉదయాన్నే చేదుమాట ఎవరికి కావాలి అనవచ్చు. కానీ రోజూ పాయసమే పెట్టే ఇంటిలో పిల్లలు బలంగా ఎదగరు. అరణ్యంలోని ఆ జనం కూడా ఇదేమిటని అడిగాకనే తిన్నారు, తిన్నాకనే నడిచారు. రేపు ఉదయం మీ ఇంటిలో చదివే పుట మీద కూడా ముందు ఆ ప్రశ్న వేయండి. జవాబు వెంటనే దొరకకపోయినా ఫరవాలేదు. అది దొరికేదాకా నెమరువేయడానికే దినం అంత పొడుగు ఉన్నది.